అన్నం పెట్టనిదే సాక్ష్యం చెప్పని నాగయ్య

నాగయ్యను ఎవరైనా దొంగసాక్షి అంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న గురజాల కోర్టు ముందు టీ బంకు దగ్గర ఒక కుర్ర వకీలు ఆ మాట అన్నాడు. నిన్నగాక మొన్న నల్లకోటు కుట్టించుకున్నవాడు. "బాబూ, ఆ మనిషి బోనులో నిలబడి జరగనిది జరిగిందని చెప్పింది ఒక్కటి చూపించు, ఈ గుమాస్తాగిరీ మానేసి ఇంటికి పోతాను" అన్నాను. తారీఖుల సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నా పేరు సుభానీ. ఇరవై ఎనిమిదేళ్లుగా బ్రహ్మాజీ గారనే ప్లీడరు దగ్గర గుమాస్తాను. నాకు కోపం ఎక్కువని మా ఆవిడా, మా ప్లీడరు గారూ, కోర్టు బంట్రోతూ ముగ్గురూ అంటారు. అననీయండి. నాగయ్య సంగతి మొదటి నుంచీ చివరిదాకా చూసినవాణ్ణి నేను. అందుకని నేనే చెప్పాలి.

నాగయ్యది కారంపూడికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. వయసు అరవై ఎనిమిది. చిన్నప్పటి నుంచీ నాపరాయి గనిలో రాళ్లు చీల్చాడు. ఒకనాడు ఎడమ కాలి మీద బండ పడింది. అప్పటి నుంచి కుంటుకుంటూ, ఉన్న ఎకరన్నర మిర్చి చూసుకుంటూ ఎక్కువసేపు ఇంటి దగ్గరే ఉంటాడు. ఎప్పుడు చూసినా ఇంట్లో ఉండే మనిషి కాబట్టే సాక్ష్యానికి అంత బాగా పనికొచ్చాడు.

మా పల్నాడులో ఊళ్లో తలలు పగిలితే ఎవరి పార్టీ వాళ్లు ప్లీడర్నీ, జామీనుదారునీ, సాక్షినీ చూసుకుంటారు. ఆ ఊళ్లో ఒక పార్టీకి పెద్ద త్రికోటేశ్వరరావు. నలభై ఎకరాల ఆసామి, రెండుసార్లు సర్పంచి చేశాడు. ఆయన మనుషుల మీద ఏ కేసు పడ్డా బ్రహ్మాజీ గారు వకాలత్ వేస్తారు, నాగయ్య బోనెక్కుతాడు. గనిలో కాలు నుజ్జయిన రోజున నాగయ్యను భుజాన వేసుకొచ్చి తన జీపులో నరసరావుపేట ఆసుపత్రికి మోసుకుపోయింది త్రికోటేశ్వరరావే. ఆ కృతజ్ఞత తప్ప నాగయ్య ఇంకేమీ ఆశించలేదు. బోనెక్కి చెప్పేది కూడా ఒకటే మాట. "ఆ టయానికి ఈయన మా ఇంట్లో అన్నం తింటన్నాడయ్యా." ముద్దాయి నేరం జరిగిన చోట లేడు, ఇంకో చోట ఉన్నాడు అనే వాదన అది. కోర్టులో ఎలిబీ అంటారు. చట్టంలో దానికి చాలా గౌరవం ఉంది, రుజువు చేసుకోగలిగితే.

అయితే నాగయ్యకు దైవభీతి. దేవుడి మీద ప్రమాణం చేసి జరగనిది చెప్పడు. అందుకని సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కొట్లాట మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు జరిగిందని పోలీసులు రాస్తే, ముద్దాయి ఇంకో మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నాగయ్య ఇంట్లో పీట మీద కూచోవాలి. నాగయ్య భార్య అంజమ్మ వడ్డించాలి. ముద్దాయి తినాలి. ఏం తిన్నాడు, ఏం వదిలేశాడు, మధ్యలో కరెంటు పోయిందా, గేదె అరిచిందా, అన్నీ నాగయ్య చూసి బుర్రలో పెట్టుకుంటాడు. ఆ తర్వాతే బోనెక్కుతాడు. అన్నం పెట్టనిదే సాక్ష్యం చెప్పడు. త్రికోటేశ్వరరావు చెప్పినా అంతే.

"తారీఖు మారింది గదా మామా" అని ఒకసారి అడిగాను.

"తారీఖుదేముందిరా సుభానీ. అది శివకాశిలో అచ్చేసే కాగితం. అన్నం మాత్రం మా ఇంట్లో వండిందే" అన్నాడు.

అందుకే క్రాసులో, అదే ఎదుటివాళ్ల అడ్డుప్రశ్నల్లో, ఎవరూ నాగయ్యను కదిలించలేకపోయారు. ఒకసారి ఎదుటి ప్లీడరు, గట్టివాడే, అరగంట పట్టాడు. ఏం కూర అన్నాడు. గోంగూర పప్పు అన్నాడు నాగయ్య. ఎలా ఉంది అన్నాడు. ఉప్పెక్కువైందన్నాడు. మజ్జిగ ఎన్నిసార్లు పోశారు అన్నాడు. "రెండుసార్లయ్యా. రెండోసారి అడిగితే మా ఇంటిది మొకం మాడ్చుకుంది, తోడుకి ఉంచిన మజ్జిగ అది" అన్నాడు. మెజిస్ట్రేటు గారు గడియారం వైపు చూసి భోజనానికి లేచారు. ఆ కేసు కొట్టేశారు.

అంజమ్మకు ఈ కేసులు కూరల పేర్లతోనే గుర్తు. "ఆ దొండకాయ ఏపుడు కేసు ఏమయింది సుభానీ" అని అడిగేది. హత్యాయత్నం వాళ్లకు కోడికూర, ఉత్త కొట్లాట వాళ్లకు పప్పు. ఇదేం పంక్తిభేదం అని ఒక ముద్దాయి అలిగితే, "నువ్వు పొడిచింది ఏముందబ్బాయ్, కర్రతో ఒక్కటిచ్చావు. దానికి కోడిని కొయ్యాలా" అని మళ్లీ పప్పే వడ్డించింది.

ఒక్క కేసు గురించి మాత్రం ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. పెళ్లాన్ని కొట్టాడని ఒకడి మీద కేసు పడింది. వాడు ఆ వేళకు నాగయ్య ఇంట్లో వంకాయ కూర తింటున్నాడని రుజువై బయటపడ్డాడు. మారు అడిగి మరీ తిన్నాడు, బాగుందని మెచ్చుకున్నాడు. తర్వాత ఆ ఇంట్లో వంకాయ వండడం మానేశారు. నాగయ్య మా ఆఫీసుకొచ్చి, "ఆడోళ్ల కేసులకి నన్ను పిలవమాక" అని చెప్పి వెళ్లాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగవలసింది.

ఇక అసలు సంగతి. త్రికోటేశ్వరరావు కొడుకు సందీప్. బీటెక్ మూడు సబ్జెక్టులు మిగిలాయి, అవి మిగిలే ఉన్నాయి. వాడు నిరుడు జనవరి నుంచీ కారంపూడిలో తేజస్వి అనే పిల్ల వెంటపడ్డాడు. ఆ పిల్లకు ఇరవై మూడేళ్లు. గురజాలలో ఒక ల్యాబులో రక్తం పరీక్షలు చేస్తుంది. తండ్రికి బస్టాండు పక్కనే పంక్చరు షాపు. రోజూ పొద్దున ఏడూ నలభై బస్సు ఎక్కాలి. వీడు ఏడున్నరకల్లా బైకు మీద బస్టాండులో ఉంటాడు. ఆమె ఎటు జరిగితే అటు జరుగుతాడు. బస్సు కదిలితే గురజాల దాకా బస్సు వెనకే పోతాడు. ఆమె ఫోనుకు రెండువందల పధ్నాలుగు మెసేజీలు పెట్టాడు. ఆమె ఒకటే తిరిగి పెట్టింది. "మీతో మాట్లాడటం నాకు ఇష్టం లేదు. నా వెంట రావద్దు." చివరికి పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఫిబ్రవరి మూడు, అయిదు, ఏడు, ఎనిమిది అని తారీఖులు రాసి మరీ ఇచ్చింది. పోలీసులు కేసు కట్టారు. సందీప్‌ను తహశీల్దారు ముందుకు తీసుకెళ్లి ఆమె జోలికి పోనని బైండోవర్ కూడా రాయించారు.

విచారణలో ఆ పిల్ల సాక్ష్యం నేను విన్నాను. మెల్లగా మాట్లాడింది, కానీ ఒక్క మాట తడబడలేదు. చివర్లో ఇంకేమైనా చెప్పాలా అని మెజిస్ట్రేటు గారు అడిగితే, "మా నాన్న ఈ కేసు తేలిందాకా చూస్తానన్నాడు సార్. కొట్టేస్తే ఇంక ఉద్యోగం మాని ఇంట్లో కూచోమన్నాడు. నాకు ఆ బస్సు కావాలి" అంది. నేను ఫైలు సర్దుకుంటూ తల వంచుకున్నాను. ఆ కేసు కొట్టేయించడమే అప్పటికి నా పని.

బ్రహ్మాజీ గారి ఆఫీసులో సందీప్‌నూ, వాళ్ల నాన్ననూ కూచోబెట్టుకుని డిఫెన్సు వెతికాం. మా ప్లీడరు గారు చట్టం తెలిసినవారు. కాళ్లు బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే తీశారు.

"రాజకీయ కక్షతో పెట్టిన తప్పుడు కేసు అందాం" అన్నారు. పల్నాడులో అన్ని కేసులకూ మొదటి మందు అదే.

"ఆ పిల్ల నాన్న మన పార్టీనే ప్లీడరు గారూ. మొన్న ఎన్నికల్లో మన బూత్ ఏజెంటు కూడా అతనే" అన్నాడు త్రికోటేశ్వరరావు ఇబ్బందిగా.

"సరే. వెంటపడ్డంలో సబబైన కారణం ఉంటే నేరం కాదని చట్టంలోనే ఉంది. నువ్వు కూడా బస్సు కోసమే వెళ్లావని చెబుదాం. ఎక్కడికి ఆ బస్సులో?"

"నేను బస్సెక్కలేదు సార్. బండి మీద ఎనకాల పోయా."

"బస్సు వెనకాల బండి మీద ఎందుకు పోయావు?"

"బస్సులో ఆ అమ్మాయి ఉంది గదా సార్" అన్నాడు సందీప్. అంత తెలివిగలవాడు.

బ్రహ్మాజీ గారు కాళ్లు కింద పెట్టారు. "ఇద్దరికీ ఇష్టమేనని చెబుదామా. ఆమె ఎప్పుడైనా నవ్విందా, పలకరించిందా?"

"ఒకసారి మెసేజ్ పెట్టింది సార్" అని సందీప్ గర్వంగా ఫోను తీసి చూపించాడు. నా వెంట రావద్దు అన్న ఆ మెసేజే. దానికి పక్కన చుక్క గుర్తు పెట్టి దాచుకున్నాడు. మా ప్లీడరు గారు దాన్ని రెండుసార్లు చదివి, "అయ్యా, ఇష్టం లేదని ఆడపిల్ల చెప్పాక వెంటపడితేనే కేసు. ఇది వాళ్ల రుజువు నాయనా, మనది కాదు" అన్నారు.

ఇంక మిగిలింది ఒకటే. ఆ నాలుగు పొద్దులూ వాడు అక్కడ లేడని చెప్పడం. ముగ్గురూ ఒక్కసారే నా వైపు చూశారు. నాగయ్యను పిలుచుకురమ్మని.

నాగయ్య వద్దన్నాడు. ఆడోళ్ల కేసు అన్నాడు. త్రికోటేశ్వరరావు స్వయంగా వాళ్లింటికి వెళ్లి మంచం పట్టె మీద కూచుని, "నీ కాలు ఆ రోజు ఎవరు కాపాడారు నాగయ్యా" అన్నాడు. నాగయ్య తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు. "సరే, అయితే నాలుగు పొద్దులు పంపండి. సోమారం, బుధారం, శుక్రారం, శనారం. ఏడున్నరకి ఆకు ముందర ఉండాలి" అన్నాడు. సాక్ష్యం సక్రమంగా తయారవుతోందో లేదో చూసుకు రమ్మని బ్రహ్మాజీ గారు నన్ను కూడా పంపారు. అది ఈ ఏడాది జనవరి పంతొమ్మిదో తారీఖు.

సోమవారం అంజమ్మ దోసెలు పోసింది. సందీప్ వచ్చాడు, కూచున్నాడు, ఫోను చూసుకుంటూ ఒకటి తిన్నాడు. రెండోది సగం తిని గోడ గడియారం చూశాడు. ఏడూ ముప్పై అయిదు. "ఇప్పుడే వస్తా తాతా" అని చెయ్యి కడుక్కోకుండానే బండెక్కి పోయాడు. మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. ఎనిమిదింటికి తిరిగొచ్చి, దోసె చల్లారిపోయింది, ఇంకోటి పొయ్యమ్మా అన్నాడు.

"యాడికి పోయావురా" అన్నాడు నాగయ్య.

"బస్టాండుకి."

నాకు బుర్ర తిరిగిపోయింది. "ఒరేయ్, ఆ టైముకు బస్టాండులో లేవని చెప్పడానికే గదరా ఇక్కడికి తెచ్చి దోసెలు పెడుతున్నాం. మళ్లీ బస్టాండుకు పోతే ఎట్లా" అని అరిచాను. వాడు నాకేసి జాలిగా చూసి, "అది నిరుడు కేసు అంకుల్. ఇది ఇయ్యాల" అన్నాడు. వాడి లెక్కలో వాడు కరెక్టే.

బుధవారం ఇడ్లీ. నాగయ్య ముందు జాగ్రత్తగా బండి తాళాలు అడిగి తీసుకుని మొలలో దోపుకున్నాడు. మూడు ఇడ్లీలు పెడితే సందీప్ రెండు తిని మాయమయ్యాడు. పక్కింటి వాళ్ల బండి స్టార్టయిన చప్పుడు వినపడింది. "వీడికి అన్నం పెట్టటం అంటే దూడకి పాలు తాపటమే, నోరు ఆడ, చూపు ఇంకోకాడ" అంది అంజమ్మ. నాగయ్య నవ్వలేదు. ఇరవై ఎనిమిదేళ్లలో అతని ఇంట్లో ఏ ముద్దాయీ విస్తరి మీద నుంచి మధ్యలో లేవలేదు. అతనికి అది అవమానంగా ఉంది. అదీగాక సాక్ష్యం పూర్తి కావడం లేదు. చూడనిది చెప్పే మనిషి కాదుగా.

శుక్రవారం ఉప్మా. ఏడూ ముప్పై అయిదుకు సందీప్ లేవగానే నాగయ్య కూడా లేచాడు. "పద, నేనూ వస్తా. నువ్వు చేసేదేందో నేను చూడాల" అని కుంటికాలు ఎత్తి బండి వెనక కూచున్నాడు. సందీప్‌కు అభ్యంతరం లేదు. నేను నా స్కూటీ మీద వెనక బయల్దేరాను.

బస్టాండులో జనం పల్చగా ఉన్నారు. తేజస్వి పూలు అమ్మే ఆడవాళ్ల దగ్గర నిలబడి ఉంది, చేతిలో టిఫిన్ డబ్బా సంచి. సందీప్ బండి ఆపగానే ఆ ఆడవాళ్లలో ఇద్దరు, రోజూ చేసే పనే అన్నట్టు, బుట్టలు వదిలేసి లేచి ఆమెకు అడ్డంగా నిలబడ్డారు. ఆ పిల్ల వాళ్ల భుజాల మధ్య నుంచి బండి వైపు చూసింది. ముందు సందీప్‌ను చూసింది. తర్వాత వెనక కూచున్న నాగయ్యను చూసింది. తెల్లపంచె కట్టుకున్న అరవై ఎనిమిదేళ్ల మనిషిని. ఇప్పుడు ముసలాయన కూడా వస్తున్నాడా అనుకుంది కాబోలు, ఇంకో రెండడుగులు వెనక్కి వేసింది. బస్సు వచ్చింది. అందరికంటే ముందు ఎక్కి, ముందు సీట్లు ఖాళీగా ఉన్నా, చిట్టచివరి సీటుకు పోయి మూలకు ఒదిగింది.

నాగయ్య బండి దిగాడు. సందీప్ బస్సు వెనకే పోయాడు. నేను ఎక్కించుకుంటానన్నా నాగయ్య వినకుండా రెండు కిలోమీటర్లూ కుంటుకుంటూ నడిచి ఇంటికొచ్చాడు. నేను స్కూటీని పక్కన నెట్టుకుంటూ నడిచాను.

ఇంటికొచ్చాక అంజమ్మ ఉప్మా పెడితే వద్దన్నాడు. "ఆ పిల్ల నన్ను వాడితో కలిపి చూసింది" అన్నాడు. "నేను ఎప్పుడన్నా ఆడపిల్ల జోలికి పోయినోడినా అంజమ్మా. నన్ను చూసి ఎనక్కి జరిగింది."

అంజమ్మ గరిటె కింద పెట్టింది. "నిన్ను గాక ఇంకెవర్ని చూసిద్ది" అంది. "వంకాయ కూర తిన్నోడు ఉన్నాడే, వాడి పెళ్లాం రెండు నెలలకి చేతికి కట్టు కట్టుకుని మన ఇంటి ముందర నుంచి పోయింది. నువ్వు చేలో ఉన్నావు. ఆగి మన గుమ్మం వైపు చూసింది. నన్ను చూసింది. నేను వండిన కూర గదా. ఆ చూపు నాకు తెలుసు. నీకు ఇయ్యాల తెలిసింది."

నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. ఆ కేసు కాగితాలు రాసింది నేనే, నా చేతిరాతే.

శనివారం సందీప్ వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. అంజమ్మ అరుగు మీద కూచుని చింతపండు పిక్కలు తీస్తోంది. "ఏం లేదబ్బాయ్ ఇయ్యాల" అంది. వాడు మహా సంతోషంగా, ఇంకా ముందే బస్టాండుకు పోయాడు.

సాక్ష్యం ఫిబ్రవరిలో. నాగయ్య ఎప్పటిలాగే ఉతికిన పంచె, భుజం మీద కండువాతో బోనెక్కి ప్రమాణం చేశాడు. వెనక బెంచీలో తేజస్వి, పక్కన వాళ్ల నాన్న. ఆయన మొహంలో అప్పటికే కూతురి ఉద్యోగం మాన్పించాలన్న నిర్ణయం కనిపిస్తోంది. ముందు బెంచీలో త్రికోటేశ్వరరావు. సర్కారు తరఫున శ్రీదివ్య గారని చిన్న వయసు ప్లీడరు.

బ్రహ్మాజీ గారు లేచారు. "నాగయ్య గారూ, నిరుడు ఫిబ్రవరి మూడో తారీఖు సోమవారం పొద్దున ఏడున్నరకు ఈ ముద్దాయి ఎక్కడున్నాడు?"

"మా ఇంట్లో ఉన్నాడయ్యా."

సందీప్ నవ్వుకున్నాడు. త్రికోటేశ్వరరావు మీసం సవరించుకున్నాడు. అక్కడితో ఆపి కూచుంటే సరిపోయేది. కానీ మా ప్లీడరు గారికి ఆ తిండి ప్రశ్నలంటే సరదా. ప్రతి కేసులోనూ అవి పండేవి. నేను దగ్గాను. వినిపించుకోలేదు.

"ఏం చేస్తున్నాడు?"

"దోసె తింటన్నాడు."

"ఎన్ని తిన్నాడో చెప్పగలరా?"

"ఒకటిన్నర."

"ఒకటిన్నరా?"

"రెండోది సగంలో వదిలేసి లేచాడయ్యా. ఏడూ ముప్పై అయిదుకి. బండేసుకుని కారంపూడి బస్టాండుకి పోయాడు. ఎనిమిదింటికొచ్చి, సల్లారిపోయిందని మా ఇంటిదాన్ని ఇంకోటి పొయ్యమన్నాడు."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. బ్రహ్మాజీ గారి చెయ్యి కోటు అంచు పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ల నమ్మకం కదా, ఇంకో తారీఖు మీదైనా నిలబడతాడనుకున్నారు. "పోనీ అయిదో తారీఖు?"

"ఇడ్లీలయ్యా. బండి తాళాలు నా మొలలో ఉన్నయ్. పక్కింటోళ్ల బండేసుకుని పోయాడు."

"ఏడో తారీఖు?"

"ఆ రోజు వాడితో నేనూ పోయానయ్యా. బస్టాండుకి. చూసొచ్చా."

ఎనిమిదో తారీఖు అడగాలా వద్దా అని మా ప్లీడరు గారు నా వైపు చూశారు. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. ఆయన కూచున్నారు. శ్రీదివ్య గారు లేచి, "ఎనిమిదో తారీఖు నేను అడుగుతాను" అన్నారు.

"ఏం తినలామ్మా. ఆ రోజు మా ఇంటిది పొయ్యి ఎలిగించలా."

మెజిస్ట్రేటు గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ నాలుగు మాటలతోనే సందీప్ మునిగిపోయాడు, నాగయ్య అక్కడితో దిగిపోవచ్చు. కానీ శ్రీదివ్య గారు కాగితం పక్కన పెట్టి ఇంకో ప్రశ్న వేశారు. ఇరవై ఎనిమిదేళ్లలో ఏ ప్లీడరుకూ తట్టని ప్రశ్న.

"నాగయ్య గారూ, ఇవన్నీ నిజంగా నిరుడు ఫిబ్రవరిలోనే జరిగాయా?"

నాగయ్య బోను కొయ్యను రెండు చేతులా పట్టుకున్నాడు. అవునంటే సందీప్‌కు శిక్ష, అతనికి గౌరవం, రెండూ దక్కుతాయి. కాదంటే అతను ఇన్నాళ్లూ బోనెక్కి చెప్పిన ప్రతి మాటా కూలిపోతుంది. అతను వెనక బెంచీ వైపు చూశాడు. తేజస్వి తల పక్కకు తిప్పుకుంది.

"కాదమ్మా" అన్నాడు. "పోయిన నెల పంతొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై నాలుగు. కేసు నడుస్తా ఉండగానే వాడు ఆ పిల్ల ఎంట పోతన్నాడు. అది జరిగిన సంగతి. నిరుడు అనటం అబద్ధం. తారీఖులన్నీ నేను చెప్పే అబద్ధమేనయ్యా, మొదటి నుంచీ. ఇయ్యాల అది నోటికి రావటంలా."

"ముసలోడా" అంటూ సందీప్ లేచాడు. బంట్రోతు కూచోబెట్టాడు. మెజిస్ట్రేటు గారు చాలాసేపు రాసుకున్నారు.

బయటికొచ్చాక త్రికోటేశ్వరరావు అడ్డం వచ్చి, "నిన్ను భుజాన మోసుకుపోయాను గదరా నాగయ్యా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు నిజంగానే ఉన్నాయి. నాగయ్య చేతులు జోడించాడు. "మోశావు. నా కాలు నీదే. కావాలంటే ఇప్పుడు తీసుకో. ఆ పిల్ల బస్సు మాత్రం నేనివ్వలేనయ్యా, అది నాది కాదు" అన్నాడు. బ్రహ్మాజీ గారు నన్ను కారెక్కనివ్వకుండా వెళ్లిపోయారు. పది రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే నాకేం, పదకొండో రోజున పాత ఫైలు ఒకటి ఎక్కడుందో ఆయనకు దొరకలేదు, పిలిచారు.

సందీప్‌కు ఆరు నెలల శిక్ష పడింది. అప్పీలు నరసరావుపేటలో నడుస్తోంది, శిక్ష ప్రస్తుతానికి ఆగి ఉంది. జనవరి సంగతి మీద ఇంకో కేసు కట్టారు. వాళ్ల నాన్న వాణ్ణి నూజెండ్ల దగ్గర మేనమామ ఇంటికి పంపించేశాడు. తేజస్వి ఉద్యోగానికి పోతోంది. ఆమెను మాన్పించడానికి వాళ్ల నాన్నకు ఇంక సాకు దొరకలేదు.

నాగయ్యకు కోర్టు నోటీసు వచ్చింది. తప్పుడు తారీఖు చెప్పినందుకు నీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో వచ్చి చెప్పుకోమని. వాయిదా రోజున పదిన్నరకు పిలుపు పడింది. నాగయ్య లేడు. వాయిదాకు ఎన్నడూ ఆలస్యంగా రాని మనిషి. ఇంకోసారి పిలిచారు, లేడు. నేను వరండాలో అటూ ఇటూ తిరిగాను. మెజిస్ట్రేటు గారికి కోపం వస్తోంది. పదకొండు దాటాక గేటు దగ్గర కుంటుకుంటూ, చెమటలు కక్కుతూ వచ్చాడు. లోపలికి తోసుకుపోయి బోనులో నిలబడ్డాడు.

"ఏమయ్యా, నీ కేసుకే నువ్వు ఆలస్యంగా వస్తావా? పొద్దున బస్సు లేదా?" అన్నారు మెజిస్ట్రేటు గారు.

"ఉందయ్యా. ఏడూ నలభైది. ఎక్కబోయా. ఆ పిల్ల ముందు సీట్లో కిటికీ పక్కన కూచునుంది. నేనెక్కితే లేచి మళ్లీ ఎనక్కి పోవాల్సొచ్చిద్ది. అందుకని మెట్టు దిగి, పదింటి బస్సుకొచ్చా."